గుర్రానికొచ్చిన పూనకం

వాకిలి చూసేసరికి రాజకుమారికి రోత పుట్టింది. కొబ్బరినీళ్ళూ పసుపునీళ్ళూ కలిసి బురదైపోయాయి. అందులో ఎవరో తొక్కేసిన అరటిపండు, చీమలు పట్టిన లడ్డూ ముక్క, సగం కాలిన అగరుబత్తీలు. గుర్రం లద్ది ఎత్తడం ఆమెకు కాపురానికొచ్చిన నాటి నుంచీ అలవాటే. గడ్డి తినే జీవి లద్దికి వాసనేపాటి, తట్టలోకెత్తి అవతల పోస్తే పోయింది. ఈ రోతంతా మనుషులది. భక్తి పేరు చెప్పి వచ్చి, ఎవరింటి వాకిలో కూడా చూసుకోకుండా ఖరాబు చేసి, చేతులు దులుపుకుని పోయే మనుషులది.

వాళ్ళంతా వచ్చేది నూరీని చూడడానికి. నూరీ తెల్ల గుర్రం. పెళ్ళి బారాత్‌లకు గుర్రాన్ని కిరాయికివ్వడం రాజకుమారి భర్త బాలకిషన్ పని, అంతకు ముందు అతని తండ్రి పని. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీంచి లోపలికి తిరిగితే ఆటో గోడలకు ఒరుసుకుంటూ వచ్చే గల్లీ ఒకటుంది. అందులో వీళ్ళవి రెండు గదులు, ముందు కాస్త వాకిలి, వాకిలికి ఓ పక్కన రేకుల షెడ్డు. పెళ్ళికొడుకును మోసే మహారాణి మిగతా రోజులన్నీ గడిపేది ఆ షెడ్డులోనే. జరీ కుచ్చులూ అద్దాల జీనూ బారాత్ వరకే. ఇంటికొస్తే మెడకో తాడు, ముందరో గోడ.

మామ బతికున్నప్పుడు ఇలా ఉండేది కాదు. అశోక్‌నగర్‌లో అప్పటికింకా ఖాళీ ప్లాట్లుండేవి. ఆయన పొద్దున్నే నూరీని అక్కడికి తోలుకుపోయి వదిలేవాడు. అది తల దించిందంటే మళ్ళీ పొద్దుగూకేదాకా ఎత్తేది కాదు. ఆయన పోయాక ఒక్కో ప్లాటులో ఒక్కో అపార్ట్‌మెంటు లేచింది. చివరికి మిగిలిన ఒకే ఒక్క ప్లాటుకూ ప్రహరీ కట్టి, పైన గాజుపెంకులు గుచ్చి, గేటు దగ్గర వాచ్‌మన్‌ను కూర్చోబెట్టారు. లోపల మోకాలెత్తు గడ్డి ఎవరికీ కాకుండా ఎండిపోతూ ఉంది. నూరీ గేటు సందులోంచి దాని వాసన చూసింది. తర్వాత బాలకిషన్ తాడు లాగి ఇంటికి తీసుకొచ్చేశాడు.

అప్పటి నుంచి పొద్దున ఓ గంపెడు, మాపటికి ఓ గంపెడు. నానబెట్టిన శనగలు, తవుడు. నూరీ దాన్ని ఇట్టే ఊదేసేది. మిగతా పొద్దంతా గోడ చూస్తూ నిలబడేది. చేసే పనేమీ లేక షెడ్డు గుంజ కొరకడం మొదలుపెట్టింది. నాలుగు వైపులా కొరికి కొరికి దాన్ని సన్నగా చేసిపెట్టింది. ఆ తర్వాత ఊగడం మొదలైంది. ఎడమ కాలి మీద బరువు, తల ఎడమకు. కుడి కాలి మీద బరువు, తల కుడికి. కళ్ళు మాత్రం ఎటూ చూసేవి కావు. ఈ ఆషాఢంలో, పెళ్ళి ముహూర్తాలు లేక నూరీ గడప దాటని రోజుల్లో, ఆ ఊగడం మరీ ఎక్కువైంది. రాజకుమారి అది చూడలేకపోయేది. బాలకిషన్‌కు చెబితే, "ఊగితే ఊగనీ, ఎవరిని తన్నుతలేదు కద" అన్నాడు.

ఆషాఢమంటే హైదరాబాదులో బోనాలు కూడా. ఓ రోజు గల్లీ చివరి మైసమ్మ గుడికి డప్పులు కొట్టుకుంటూ పోతున్నారు. నూరీ ఎప్పట్లాగే ఊగుతోంది. ఎదురింటి సుబ్బులు కూరగాయల సంచీతో వస్తూ ఆగింది. ఆవిడది బందరు వైపు. భర్త ఉద్యోగానికని ఎప్పుడో వచ్చి, ఇక్కడే స్థిరపడి, ఇప్పుడు కొడుకూ కోడలితో ఉంటోంది. డప్పు వంకా గుర్రం వంకా మార్చి మార్చి చూసి, సంచీ అక్కడే పడేసి రెండు చేతులూ జోడించింది.

"ఏమ్మా రాజకుమారీ, చూశావా? అమ్మవారమ్మా! గుర్రం మీదకి అమ్మవారొచ్చిందమ్మా!"

"అమ్మ లేదు ఏం లేదు పిన్నిగారు, అది పొద్దుగాల్నుంచి గట్లనే ఊగుతున్నది" అంది రాజకుమారి.

"పొద్దుటినుంచీనా!" అంటూ సుబ్బులు లెంపలేసుకుంది.

ఇంకేముంది, మాట గల్లీ దాటింది. ఏటా బోనాల్లో పోతరాజు వేషం కట్టే పీరయ్య వచ్చాడు. పెద్ద పొట్ట, దానికి మించిన పెద్ద గొంతు. నూరీ ముందు నిలబడి ఓ వేపరెమ్మ ఊపాడు. నూరీ ఆ వేపరెమ్మను తినడానికి మెడ చాచింది. అది దండం పెట్టడమేనని పీరయ్య తేల్చాడు.

మర్నాటి నుంచి వాకిట్లో జాతరే. నూరీ నొసటి నిండా కుంకుమ. చెమటకు కరిగి కళ్ళలోకి కారితే అది కన్నీళ్ళు పెట్టుకునేది. అమ్మవారు కరుణించిందని జనం ఇంకాస్త పూసేవారు. ఇంట్లో ఏది మిగిలితే అది తెచ్చి పెట్టేవారు. పులిహోర, బూరెలు, లడ్డూలు, బెల్లపు ముద్దలు. ఓ పెద్దమనిషి హిమాయత్‌నగర్ నుంచి కారులో వచ్చి మైసూరుపాకు డబ్బా మొత్తం దాని నోటి ముందు గుమ్మరించాడు. మోతిచూరు లడ్డూ గుర్రం నోట్లో పెట్టి, దాని ఎంగిలి అంటిన వేళ్ళను పిల్లల నాలుకలకు రాసిందొక తల్లి. ఛీ, ఇదేం భక్తో! రాజకుమారి చూడలేక లోపలికి పోయి తలుపేసుకునేది. బాలకిషన్ మాత్రం షెడ్డు ముందు ఓ స్టీలు పళ్ళెం పెట్టి, పక్కన కుర్చీ వేసుకుని, మెళ్ళో కొత్త తువ్వాలతో కూర్చునేవాడు. ఆషాఢంలో ఎన్నడూ మొహం మీద నవ్వెరగని మనిషి, వచ్చినవాళ్ళను వరసలో నిలబెట్టడంలో హుషారుగా ఉన్నాడు.

ఆ తిండికి నూరీ పడిపోయింది. ఓ మధ్యాహ్నం వెనక్కు తిరిగి తన పొట్టనే చూసుకోవడం, కాళ్ళతో పొట్టను తన్నుకోవడం, ధబ్బున కూలబడి దొర్లడం. ఒళ్ళంతా చెమట. చుట్టూ ఉన్నవాళ్ళు అమ్మ ఉగ్రరూపమని ఇంకా గట్టిగా డప్పు కొట్టించారు. రాజకుమారి చెప్పులు కూడా వేసుకోకుండా ఆటో ఎక్కి నారాయణగూడ పశువుల దవాఖానకు పోయి, డాక్టర్ జగదీశ్వర్‌ను ఆయన స్కూటర్ మీదే వెంటబెట్టుకొచ్చింది. ఆయన సూదులేసి, ముక్కులోంచి గొట్టం దింపి నూనె పోసి, గండం గడిచేదాకా అక్కడే ఉన్నాడు.

చేతులు కడుక్కుంటూ చెప్పాడు. "చూడమ్మ, గుర్రానికి వాంతి రాదు. తిన్నది పడకపోతే పాణం పోతది. దాని కడుపు చిన్నది, పొద్దంత కొంచెం కొంచెం నములుతనే ఉండాలె. మేపడానికి జాగ లేకపోతే, గడ్డి ఎప్పుడు ముందర ఉండేటట్టు చూడు. సన్న కండ్ల జాలిల కట్టు, పోచ పోచ గుంజుకుని తింటది, టైం పోతది. రోజు జర నడిపించు. ఇంకోటి, ఒంటరిగ ఉంచొద్దు. గుర్రం మందల బతికే జీవి. ఏదన్న తోడు ఉండాలె."

"మరి ఊగుడు సార్?"

"పిచ్చి లేస్తున్నదమ్మ దానికి. నిన్ను గోడ దిక్కు నిలబెట్టి కట్టేస్తే నువ్వు ఊగవా?"

ఆ మాటే రాజకుమారి వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. సుబ్బులు ఆమెను జాలిగా చూసి, "అమ్మవారి సంగతులు సూదులేసేవాళ్ళకేం తెలుస్తాయమ్మా?" అంది. తక్కినవాళ్ళు గుర్రం వైపు తిరిగి మళ్ళీ దండం పెట్టుకున్నారు.

రాజకుమారి ఇక మనుషులతో వాదన మానేసింది. కాచిగూడలో పురికొస కొనుక్కొచ్చి, పుట్టింట్లో ఉట్లు అల్లినట్టుగానే ఓ పెద్ద ఉట్టి సన్నటి కళ్ళతో అల్లింది. నారాయణగూడ చౌరస్తాలో ఆవుల కోసం పచ్చిగడ్డి మోపులమ్మే ఆడవాళ్ళ దగ్గర రోజూ గడ్డి తెచ్చి, కాస్త ఎండుగడ్డి కలిపి, ఆ ఉట్టిలో కూరి నూరీ మూతికందేలా కట్టింది. నూరీ మొదటి రోజు కోపంగా లాగింది. రెండో రోజుకు పెదాలతో కళ్ళలోంచి పోచలు ఏరుకోవడం నేర్చుకుంది. ఆ నమిలే చప్పుడు వింటూ రాజకుమారి బియ్యం ఏరుకునేది. పొద్దున జనం రాకముందే దాన్ని గల్లీలో నడిపించేది.

తోడు సంగతి ఆమె తేల్చుకునే లోపలే పీరయ్య తేల్చాడు. గుర్రం మీదికొచ్చిన అమ్మ యాటను అడుగుతోందని, బోనాల ఆదివారం గుర్రం ముందరే కోయాలని చెప్పి, చందా వేసి ఓ నల్ల మేకపోతును కొనుక్కొచ్చాడు. ఆదివారం దాకా అదీ ఆ షెడ్డులోనే కట్టేసి ఉండాలన్నాడు. మనుషులు చంపడానికి తెచ్చినదే నూరీకి ప్రాణమైంది. మేక ఉట్టి కింద రాలిన గడ్డి తినేది. నూరీ వంగి దాని వీపు మీద ఊదేది. మేక కాసేపు కనబడకపోతే సకిలించేది. చూస్తుండగానే ఊగడం తగ్గింది, ఆ తర్వాత పూర్తిగా ఆగిపోయింది. గుంజ కొరకడమూ మానేసింది. ఓ కాలు వదులుగా వంచి, చెవులు వేలాడేసి, మేకను కాళ్ళ దగ్గర పెట్టుకుని నిలబడే నూరీని రాజకుమారి అన్నేళ్ళ కాపురంలో ఎప్పుడూ చూడలేదు. సంతోషంగా ఉన్న గుర్రం ఇలా ఉంటుందా అనుకుంది.

సంతోషంగా ఉన్న గుర్రం ఎవరికి కావాలి? వచ్చినవాళ్ళు కాసేపు నిలబడేవారు, డప్పు కొట్టించేవారు, నూరీ ఊగకుండా గడ్డి నములుతుంటే మొహాలు మాడ్చుకుని పోయేవారు. కొందరు కాళ్ళ మీద చన్నీళ్ళు చల్లి చూశారు. ఒకడైతే కట్టెతో పొడిచాడు. రాజకుమారి అదే కట్టె లాక్కుని వాడి వెంట పడింది. ఇలాంటివాళ్ళా అమ్మకు మొక్కేది అని ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

గురువారం ఆమె గడ్డి మోపుతో తిరిగొచ్చేసరికి ఉట్టి లేదు. బాలకిషన్ దాన్ని విప్పి అటక మీదికి విసిరేశాడు.

"ఆదివారం దాంక గడ్డి బంద్" అన్నాడు, ఆమె మొహం చూడకుండా.

"ఎందుకు?"

"కడుపు నిండితే ఊగుతలేదు."

రాజకుమారి గడ్డి మోపు కింద పడేసింది. "ఆకలైతే ఊగుతది, కడుపు నిండితే ఊగదు. గది నీకు కూడ ఎరుకేనన్నట్టు. ఎరుకుండే మొక్కిస్తున్నవా అందరితోని?"

"మెల్లగ మాట్లాడు. ముహూర్తాలు లేక ఇల్లెట్ల నడుస్తున్నదో చూస్తలేవా? జనం ఎందుకొస్తలేరని పీరన్న పరేషాన్ చేస్తున్నడు. బలి ఆలస్యమైందని అమ్మ అలిగిందట. రేపే కోస్తమన్నడు."

"మేకనా? రేపా?"

"యాట పోతే గుర్రం మల్ల ఊగుతది. అందరికి మంచిగుంటది" అన్నాడు బాలకిషన్, లెక్క తేలిపోయినవాడిలా. మొగుడనే మనిషిని చూస్తే ఇంత వెగటు పుడుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

శుక్రవారం వాకిలి కిక్కిరిసింది. నూరీ ముందురోజు నుంచి గడ్డి లేక మళ్ళీ గుంజ కొరుకుతోంది. పీరయ్య పసుపు పూసుకుని, నడుముకు వేపమండలు కట్టుకుని వచ్చాడు. మేకను వాకిలి మధ్యకు లాక్కొచ్చి, మెళ్ళో దండేసి, తల మీద చెంబెడు నీళ్ళు గుమ్మరించాడు. నీళ్ళు పోస్తే మేక ఒళ్ళు జలదరించాలి, జలదరిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. మేక గడగడా ఒళ్ళు దులుపుకుంది. నీళ్ళు పోస్తే ఏ జీవి దులుపుకోదు! జనం ఒక్కసారిగా అరిచారు. లోపల నూరీ తాడు తెంచుకునేలా సకిలించింది. కత్తి పట్టినవాడు ముందుకొచ్చాడు.

రాజకుమారి ఏమీ ఆలోచించుకోలేదు. జుట్టు ముడి విప్పేసింది. చిన్నప్పటి నుంచీ ఆమె పూనకాలు చూస్తూనే ఉంది. ఎవరిది నిజమో ఎవరిది కాదో ఆమెకు ఏనాడూ తెలియలేదు. తనకు మాత్రం ఎన్నడూ రాలేదు, ఇప్పుడూ రాలేదు. గొంతు పగిలేలా కేక పెట్టి, ఊగుతూ వెళ్ళి మేక మీద పడింది.

"ఎవడ్రా నా బిడ్డ మీద చెయ్యేసేది?"

డప్పు ఆగింది. బాలకిషన్ నోరు తెరుచుకుని నిలబడ్డాడు. సుబ్బులు "అమ్మా!" అని కూలబడింది. ఒక్క పీరయ్యే అనుమానంగా చూశాడు. పోతరాజు కదా, ఏళ్ళ తరబడి ఎన్ని పూనకాలు చూశాడో. "అమ్మవే అయితే నిప్పు పట్టు" అని ఆమె అరచేయి లాగి, కర్పూరం బిళ్ళలు పెట్టి వెలిగించాడు.

మంట చర్మానికి అంటింది. మాంసం కాలే వాసన ఆమె ముక్కుకే తగిలింది. చేయి విదిలిస్తే మేక పోయినట్టే, మేక పోతే నూరీ పోయినట్టే. రాజకుమారి పీరయ్య కళ్ళలోకి చూస్తూ కర్పూరం ఆరిపోయేదాకా చేయి కదపలేదు. పీరయ్యే ముందు కళ్ళు దించుకుని, ఆమె కాళ్ళ మీద పడ్డాడు.

"చెప్పు తల్లి, ఏం గావాలె నీకు?"

"నాకు రక్తమొద్దు. ఈ యాట నా గుర్రానికి తోడు, దీన్ని ముడితే ఇల్లిల్లు తిరిగి లెక్కడుగుత. లడ్డులు, పులిహోరలు తెస్తే చేతులిరుస్త. మొక్కెటోళ్ళు పచ్చిగడ్డి తెండి. నా గుర్రం ముందర గడ్డి ఎన్నడు ఎండొద్దు!"

ఆ సాయంత్రమే ఉట్టి మళ్ళీ షెడ్డులో వేలాడింది, బాలకిషనే కట్టాడు. రాత్రి ఆమె అరచేతికి వెన్న రాస్తూ, "నిజంగనే వచ్చిందా రాజీ?" అన్నాడు మెల్లగా. నిజం చెబితే తెల్లారేసరికి పీరయ్య చెవిన పడుతుంది. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. తెల్లారి లేచి చూస్తే అతను ఆమె పాదాలకు దండం పెడుతున్నాడు. ఆమెకు పుట్టిన రోత అంతా ఇంతా కాదు.

మంగళవారం జనం గడ్డి మోపులతో వచ్చారు. నూరీకి, మేకకు ఆ రోజు పండగే. కానీ మోపులు దించి ఎవరూ కదల్లేదు. బాలకిషన్ కుర్చీని షెడ్డు ముందు నుంచి తీసి ఇంటి గడప ముందు వేశాడు. దాని మీద పసుపు గుడ్డ పరిచాడు. రాజకుమారి చూసి, ససేమిరా అంది. పీరయ్య గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. "అమ్మ కూసోదా? మరి ఆ రోజొచ్చింది అమ్మ కాదా?" అన్నాడు, అందరికీ వినబడేలా. మేక నూరీ కాళ్ళ సందున పడుకుని నెమరేస్తోంది. రాజకుమారి వెళ్ళి కూర్చుంది.

ముందుగా వచ్చింది సుబ్బులు కోడలు హారతి. నిద్ర లేని మొహం, రేగిన జుట్టు. ఆదివారం ఉన్నట్టుండి పడిపోయిన భర్త ఫణికిరణ్ ఆసుపత్రిలో ఉన్నాడు, మర్నాడే తలకు ఆపరేషన్. డాక్టర్లు ఏమీ చెప్పడం లేదు. తనకన్నా పదేళ్ళు పెద్దదైన రాజకుమారిని ఇన్నాళ్ళూ అక్కా అని పిలిచిన పిల్ల, ఇప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని ఆమె పాదాలు పట్టుకుంది.

"అమ్మా, ఆయన తిరిగి ఇంటికొస్తారా? మా అమ్మావాళ్ళని రమ్మని ఫోన్ చెయ్యాలా వద్దా? నువ్వే చెప్పు తల్లీ, నువ్వేం చెబితే అదే చేస్తాను."

నాకేం తెలుసు హారతీ, మీ అమ్మావాళ్ళను పిలిపించుకో అని చెప్పాలని రాజకుమారి నోరు తెరిచింది. వరసంతా చెవులొగ్గి ఉంది. పీరయ్య చూస్తున్నాడు.

"మంచిగ ఇంటికొస్తడు బిడ్డా. ఎవరిని పిలిచే పని లేదు. నేను లేనా?" అంది.

ఆ మాట తడుముకోకుండా, గొంతు వణకకుండా, నిజంగా అమ్మవారే చెప్పినట్టు వచ్చింది. పీరయ్యను, సుబ్బులును, మొగుణ్ణి చూసినప్పుడు కూడా పుట్టనంత అసహ్యం రాజకుమారికి తన నోటి మీద పుట్టింది. హారతి మొహం విప్పారింది. ఏడుస్తూనే నవ్వి, ఆ పాదాల మీద తల ఆనించి, తేలికైన మనసుతో లేచింది.

బాలకిషన్ ఆమె తెచ్చిన గడ్డి మోపు అందుకుని, వరస వైపు చూసి పిలిచాడు. "ఆఁ, తర్వాత ఎవరు?"